పోరంబోకులో కుందేలు ఎవరిది?

"ఎవరి జిరాయితీలోకీ వెళ్లలేదు. గవర్నమెంటు కొండే కదా!"

కుందేలు వేట గురించి ఎవరైనా అడ్డుచెబితే వినిపించే మొదటి సమాధానం దాదాపు ఇదే. విశాఖపట్నం చుట్టుపక్కల ఆనందపురం, పద్మనాభం, భీమిలి వైపు ఊళ్లలో ఈ మాట వెనక ఒక లెక్క ఉంది. జీడితోట ఒకరిది, సరుగుడు తోట ఇంకొకరిది, మాగాణి మరొకరిది. వాటి మధ్య మిగిలిన కొండ పోరంబోకు, గెడ్డ గట్టు, చెరువు గర్భం మాత్రం ఎవరి పేరునా లేవు. ఎవరి పేరునా లేని చోట మేకలు మేస్తాయి, ఎండుపుల్లలు ఏరుకుంటారు, ఈతపళ్లు కోసుకుంటారు. ఆ వరసలోనే కుందేలు కూడా. ఎవరూ పెంచలేదు, ఎవరూ మేపలేదు, కాబట్టి పట్టినవాడిది.

వినడానికి సబబుగానే ఉంటుంది. కానీ చట్టం ఈ లెక్కను ఒప్పుకోదు, ఎందుకంటే అది భూమి వైపు చూడదు, జంతువు వైపు చూస్తుంది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో 9వ సెక్షన్ చాలా చిన్నది. షెడ్యూల్ 1, 2 అనే జాబితాల్లో ఉన్న ఏ అడవి జంతువునూ ఎవరూ వేటాడకూడదు, 11, 12 సెక్షన్లు చెప్పిన సందర్భాల్లో తప్ప. అంతే. కుందేలు ఉన్నది షెడ్యూల్ 2లో. ఎక్కడ వేటాడారు అన్న మాటే ఆ సెక్షన్లో లేదు. రిజర్వు ఫారెస్టు, పోరంబోకు, దేవాదాయ భూమి, సొంత పట్టా పొలం, అన్నీ దానికి ఒకటే. సింహాచలం పంచగ్రామాల్లో భూమి దేవస్థానానిదా, అక్కడ ఇళ్లు కట్టుకున్నవాళ్లదా అన్న తగాదా దశాబ్దాలుగా నలుగుతోంది. ఆ భూమి మీద పరిగెత్తే కుందేలు విషయంలో మాత్రం ఏ తగాదా లేదు. ఎవరు పట్టినా నేరమే.

దీనికి రెండో వైపు కూడా ఉంది. "ప్రభుత్వ భూమిలో అయితే తప్పు, నా పొలంలోకి వచ్చిందాన్ని నేను పట్టుకుంటే ఎవరికేం" అనుకునేవాళ్లు తక్కువేం కాదు. అదీ చెల్లదు. వేటాడిన జంతువు, చచ్చి కనిపించిన జంతువు, పొరపాటున చనిపోయిన జంతువు, ఇవన్నీ రాష్ట్ర ప్రభుత్వ ఆస్తి అని 39వ సెక్షన్ చెబుతుంది. పొలం గట్టు లోపల పడి ఉందన్నంత మాత్రాన అది రైతుది కాదు. తెల్లవారుజామున హైవే మీద లారీ కింద పడి చచ్చిన కుందేలును సంచిలో వేసుకుని ఇంటికి తెచ్చుకున్నా చిక్కే. ప్రభుత్వ ఆస్తి చేతికి వచ్చినవాళ్లు 48 గంటల్లో దగ్గర్లోని పోలీస్ స్టేషన్లోగానీ, అధికారం ఉన్న అధికారికిగానీ చెప్పాలి. చంపింది లారీ కదా అంటే కుదరదు.

చట్టం దృష్టిలో వేట అంటే చంపడం ఒక్కటే కాదన్నది కూడా చాలామందికి తెలియదు. పట్టడం, ఉచ్చు వేయడం, వల కట్టడం, తరమడం, ఎర పెట్టడం, గాయపరచడం, విషం పెట్టడం, వీటిలో దేనికైనా ప్రయత్నించడం, అన్నీ వేటే. రాత్రిపూట బండి లైటు వేసి జీడితోటలో కుందేలు వెంట పరిగెత్తి, చివరికి అది తప్పించుకుపోతే "ఏమీ దొరకలేదు కదా" అనడానికి లేదు. ఈ మధ్య కొందరు కుర్రాళ్లు అలాంటి పరుగును రీల్ చేసి పెడుతున్నారు. కేసుకు కావలసిన సాక్ష్యం వాళ్లే చేతికి అందించినట్టు.

ఒక్క పేరు, రెండు జంతువులు

ఈ విషయంలో సగం గందరగోళం మాట దగ్గరే మొదలవుతుంది. ఇంగ్లిషులో ర్యాబిట్ వేరు, హేర్ వేరు. తెలుగులో రెండూ కుందేలే. అడవిదాన్ని చెవులపిల్లి అని కూడా అంటారు గానీ, ఆ మాట కొన్ని ప్రాంతాలకే పరిమితం. పంజరంలో పెంచే తెల్ల కుందేలు యూరప్ నుంచి వచ్చిన ర్యాబిట్ సంతతి. న్యూజిలాండ్ వైట్, సోవియట్ చించిల్లా లాంటి రకాలను మాంసం కోసం ఫారాల్లో పెంచుతారు. అవి అడవి జంతువుల షెడ్యూళ్లలో లేవు, పెంచుకోవచ్చు. మన మెట్టల్లో తిరిగేది హేర్. బొరియ తవ్వుకోదు. తుప్ప కింద, గడ్డి దుబ్బు పక్కన చిన్న గుంటలా ఒత్తుకుని పగలంతా కదలకుండా పడుకుంటుంది. మనిషి అడుగు దాదాపు దాని మీద పడేదాకా లేవదు, లేచిందంటే ఇక అందదు. ర్యాబిట్ పిల్లలు బొరియలో బొచ్చు లేకుండా, కళ్లు మూసుకుని పుడతాయి. హేర్ పిల్లలు బొచ్చుతో, కళ్లు తెరుచుకునే పుడతాయి, ఎందుకంటే వాటిని దాచే బొరియ లేదు. బయట పుట్టినవాటికి మొదటి గంట నుంచే ప్రమాదం.

కాబట్టి "కుందేళ్లను ఫారాల్లో పెంచి అమ్ముతున్నారు కదా, కొండమీదిది పడితే తప్పేంటి" అన్న ప్రశ్న కోడికీ నెమలికీ తేడా లేదన్నట్టు ఉంటుంది. ఫారం మాంసం పేరు చెప్పి అడవి మాంసం అమ్మేవాళ్లకు ఈ ఒక్క పేరే పెద్ద అండ. వండేశాక ఎవరు గుర్తుపడతారులే అన్న ధీమా ఒకటి. ఆ ధీమాకు కాలం చెల్లి చాలా ఏళ్లయింది. హైదరాబాద్‌లో సీసీఎంబీ అనే జీవశాస్త్ర పరిశోధన సంస్థకు చెందిన లాకోన్స్ ప్రయోగశాల చిన్న మాంసం ముక్క డీఎన్ఏతో అది ఏ జాతిదో తేలుస్తుంది. దేశంలో అటవీ శాఖలు వన్యప్రాణి కేసుల నమూనాలను అక్కడికి పంపుతుంటాయి.

అమెరికాలో కుదిరింది ఇక్కడెందుకు కుదరదు?

అమెరికా వెళ్లిన విశాఖ పిల్లల్లో కొందరికి ఒక ఆశ్చర్యం ఎదురవుతుంది. అక్కడ తోటి విద్యార్థి శీతాకాలంలో తుపాకీ తీసుకుని ప్రభుత్వ భూమిలోకి వెళ్లి కుందేలును కొట్టి, దర్జాగా వండుకు తింటాడు. ఎవరూ పట్టుకోరు. దాంతో ఇక్కడి చట్టం మరీ మొండిదన్న అభిప్రాయం కలుగుతుంది.

అక్కడి ఏర్పాటు ఏంటో చూడాలి. ఫెడరల్ ప్రభుత్వంలోని భూ నిర్వహణ బ్యూరో ఒక్కదాని చేతిలోనే సుమారు 24.5 కోట్ల ఎకరాలు ఉన్నాయి. ఆంధ్రప్రదేశ్ మొత్తం కలిపితే నాలుగు కోట్ల ఎకరాలు, అంటే మన రాష్ట్రానికి ఆరు రెట్లు. అటవీ సర్వీసు కింద మరో 19 కోట్ల ఎకరాల పైచిలుకు. వీటిలో ఎక్కువ భాగంలో వేటకు అనుమతి ఉంటుంది. నేషనల్ పార్కుల్లో సాధారణంగా ఉండదు. అయితే భూమి కేంద్రానిదైనా జంతువు లెక్క రాష్ట్రానిది. లైసెన్సు రాష్ట్రమే ఇస్తుంది. ఏ నెల నుంచి ఏ నెల వరకు, రోజుకు ఎన్ని, ఏ ఆయుధంతో అన్నవి కూడా రాష్ట్రమే నిర్ణయిస్తుంది. చాలాచోట్ల వేటగాడు దూరానికి కనబడేలా నారింజ రంగు చొక్కా వేసుకోవాలి. తులరీమియా అనే జబ్బు భయంతో కుందేలు తోలు తీసేటప్పుడు చేతి తొడుగులు వేసుకోమని చెబుతారు. అంటే అక్కడ కూడా "ఎవరిదీ కాదు కాబట్టి నాది" అన్న సూత్రం లేదు. జంతువు ప్రజలందరిదీ, ప్రభుత్వం దానికి ధర్మకర్త అన్నదే అక్కడి మూలసూత్రం. ఆ ధర్మకర్త లెక్క చూసి కొంత పంచుతాడు, ఇక్కడి ధర్మకర్త పంచడు. తేడా అంతవరకే.

డబ్బు సంగతి ఒకటుంది, అదే అసలైనది. 1937లో వచ్చిన పిట్‌మన్-రాబర్ట్‌సన్ చట్టం ప్రకారం అక్కడ పొడవు తుపాకులు, తూటాల మీద 11 శాతం పన్ను రాష్ట్రాల వన్యప్రాణి శాఖలకు వెళుతుంది. లైసెన్సు రుసుములు కూడా ఆ పనికే. అంటే కుందేలును కొట్టేవాడే కుందేలు బతికే నేలకు డబ్బు కడుతున్నాడు. ఆ డబ్బుతో సర్వేలు చేస్తారు, సర్వేని బట్టి వచ్చే ఏడాది రోజుకు ఎన్ని కొట్టవచ్చో నిర్ణయిస్తారు. పైగా అక్కడి కాటన్‌టెయిల్ కుందేలు గర్భం నాలుగు వారాలే. ఏడాదికి మూడు నాలుగు ఈతలు, ఈతకు నాలుగైదు పిల్లలు. మన చెవులపిల్లికి గర్భం ఆరు వారాల పైమాట, ఈతకు ఒకటి నుంచి నాలుగు పిల్లలు. అది కోలుకున్నంత త్వరగా ఇది కోలుకోదు.

మన దగ్గర పులుల్ని నాలుగేళ్లకోసారి లెక్కపెడతారు. కుందేళ్లకు అలాంటి గణన లేదు. రోజుకు ఎన్ని పట్టుకోవచ్చు అని చెప్పాలంటే ముందు ఎన్ని ఉన్నాయో తెలియాలి. ఆ పునాది లేకుండా లైసెన్సు అడగడం కుందేటి కొమ్ము కోసం వెతకడమే.

ఆస్ట్రేలియా కథ ఇంకా వేరు. 1859లో థామస్ ఆస్టిన్ అనే పెద్దమనిషి వేట సరదా కోసం విక్టోరియా రాష్ట్రంలోని తన ఎస్టేటులో రెండు డజన్ల ఇంగ్లండ్ కుందేళ్లను వదిలాడు. యాభై అరవై ఏళ్లలో అవి ఖండంలో చాలా భాగానికి పాకాయి. చివరికి 1950లో ప్రభుత్వమే మిక్సోమటోసిస్ అనే కుందేళ్ల జబ్బు తెచ్చే వైరస్‌ను వాటి మీదకు వదిలింది. అక్కడ కుందేలును చంపడం పుణ్యకార్యం కిందే లెక్క. అక్కడి వీడియో చూసి ఇక్కడ వల కట్టేవాడికి ఆ తేడా ఎవరూ చెప్పరు.

మనకూ లైసెన్సు రోజులు ఉండేవి

ఈ నిషేధం ఆకాశం నుంచి ఊడిపడింది కాదు. బ్రిటిష్ వాళ్ల 1912 నాటి అడవి పక్షులు, జంతువుల రక్షణ చట్టం జాబితాలో జింకలు, దున్నలు, ఖడ్గమృగాల సరసన కుందేలు కూడా ఉంది. అప్పటి పద్ధతి నిషేధం కాదు. ప్రభుత్వం కొన్ని నెలల్ని వేట కూడని కాలంగా ప్రకటించవచ్చు, మిగతా నెలలు స్వేచ్ఛే. జమీందార్ల కాలంలో మన కొండల్లో వేట అంటే ముందు దొరల వినోదం. ఇవాళ కంబాలకొండ అభయారణ్యంగా ఉన్న అడవి కూడా 1970 వరకు విజయనగరం రాజుల చేతిలోనిదే.

1972లో కేంద్రం చట్టం చేసింది. వన్యప్రాణులు అప్పట్లో రాష్ట్రాల జాబితాలోని అంశం కాబట్టి, కొన్ని రాష్ట్రాల శాసనసభలు తీర్మానాలు చేసి అడిగితేనే పార్లమెంటు ఆ పని చేయగలిగింది. అప్పటి చట్టం పీఠికలో ఆ రాష్ట్రాల వరసలో మొదటి పేరు ఆంధ్రప్రదేశ్. తర్వాత 1976లో 42వ రాజ్యాంగ సవరణ అడవుల్ని, వన్యప్రాణుల్ని ఉమ్మడి జాబితాలోకి మార్చింది. 1972 చట్టం మొదటి రూపంలో కూడా వేట పూర్తిగా ఆగలేదు. పెద్ద వేటకు ఒకటి, చిన్న వేటకు ఒకటి, ఇలా లైసెన్సులు ఉండేవి. కుందేలు చిన్న వేట జాబితాలోది. పాతకాలం ఇళ్లలో తాతగారి లైసెన్సు తుపాకీ, కుందేళ్ల కథలు వినిపిస్తాయంటే అవి అబద్ధాలు కావు, అప్పట్లో చట్టబద్ధమే. 1991 సవరణ ఆ లైసెన్సులన్నిటినీ ఎత్తేసింది. అప్పటికి పుట్టని కుర్రాళ్లు కూడా తాత చెప్పిన కథనే ఇవాళ్టి హక్కుగా చెప్పుకోవడం ఈ వ్యవహారంలో విచిత్రం.

చివరి మార్పు 2022 సవరణ. అది 2023 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చింది. అంతకుముందు ఆరు షెడ్యూళ్లు ఉండేవి, కుందేలు నాలుగో షెడ్యూల్లో ఉండేది. ఇప్పుడు షెడ్యూళ్లు నాలుగే, కుందేలు రెండో దాంట్లో ఉంది. ఇప్పటి నాలుగో షెడ్యూలు అంతర్జాతీయ వ్యాపారాన్ని నియంత్రించే జీవులది, దానికీ దీనికీ సంబంధం లేదు. "నాలుగో షెడ్యూలేగా, చిన్న కేసు" అన్న మాట ఇంకా తిరుగుతోంది గానీ అది పాత లెక్క.

శిక్ష విషయంలో మాత్రం చట్టానికి భూమి పట్టింపు ఉంది. కంబాలకొండ సుమారు 71 చదరపు కిలోమీటర్ల అభయారణ్యం. జూ పార్కు పక్కనే మొదలై కొండల మీదుగా నగరం వెనక పరుచుకుని ఉంటుంది. దాని హద్దు బయట పోరంబోకులో కుందేలును పడితే మూడేళ్ల వరకు జైలు, లేదా లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. అదే పని అభయారణ్యం లోపల చేస్తే కనీసం మూడేళ్లు, గరిష్ఠంగా ఏడేళ్లు, జరిమానా 25 వేలకు తగ్గదు. జంతువు ఒకటే, ఉచ్చు ఒకటే, మధ్యలో ఉన్నది ఒక హద్దు రాయి. కనీస శిక్ష ఉన్న నేరాన్ని డబ్బు కట్టి రాజీ చేసుకునే దారి కూడా లేదు. బయట జరిగినదానికి 54వ సెక్షన్ కింద రాజీ రుసుం కట్టించుకుని వదిలే అవకాశం ఉంది. ఆ రుసుం గరిష్ఠ పరిమితిని 2022 సవరణ 25 వేల నుంచి ఐదు లక్షలకు పెంచింది. వేట జరిగింది అభయారణ్యంలో కాక రిజర్వు ఫారెస్టులో అయితే, దానికి 1967 నాటి ఆంధ్రప్రదేశ్ అటవీ చట్టం మరో కేసుగా తోడవుతుంది. వేటకు వాడిన బండిని, వలను పట్టుకున్నాక అవి కూడా ప్రభుత్వ ఆస్తి కిందకే వెళతాయని చట్టం చెబుతుంది. రెండు కిలోల మాంసం కోసం వెళ్లినవాడు లక్ష రూపాయల బైకు కోసం కోర్టు చుట్టూ తిరగాల్సి వస్తుంది.

తీగ ఎవరిని పట్టుకుంటుందో తీగకు తెలియదు

కుందేలు ఒక్కటే చనిపోతే ఈ వ్యాసం ఇక్కడితో ముగిసేది. అసలు భయం ఉచ్చులది, కరెంటు తీగలది. కుందేలు దారిలో పెట్టిన బైకు క్లచ్ వైరు ఉచ్చులో నక్క పడుతుంది, అడవిపిల్లి పడుతుంది, ఊరి కుక్క పడుతుంది. అడవిపంది కోసం కాస్త పెద్దగా వేసినదానిలో చిరుతలు నడుముకు బిగుసుకుని చచ్చిపోయిన సంఘటనలు తెలుగు రాష్ట్రాల్లో కొత్త కాదు. కంబాలకొండలో చిరుతలు ఉన్నాయి. వాటికీ, నక్కలకూ, కొండచిలువలకూ, గద్దలకూ, గుడ్లగూబలకూ కుందేలు రోజువారీ తిండిలో భాగం. కొండ మీద చిన్న జంతువులు కరువైతే చిరుత కిందికి దిగి కుక్కల మీద, మేకల మీద పడుతుంది. అప్పుడు ఊరివాళ్ల టెన్షన్ చూడాలి.

కరెంటు తీగ ఇంకా ఘోరం. లైనుకు కొక్కెం తగిలించి పొలం గట్టు వెంబడి తీగ లాగితే, తెల్లవారుజామున నీళ్లు కట్టడానికి వెళ్లే రైతు దాని మీదే కాలు వేస్తాడు. ఇలాంటి చావులు దాదాపు ప్రతి ఏటా వార్తల్లో కనిపిస్తూనే ఉంటాయి. చనిపోయినవాడు ఒక్కోసారి తీగ పెట్టినవాడి చుట్టమే. అప్పుడు వన్యప్రాణి కేసు వెనక్కి పోయి మనిషి ప్రాణం కేసు ముందుకొస్తుంది, దాని పక్కన 2003 విద్యుత్ చట్టం 135వ సెక్షన్ కింద కరెంటు దొంగతనం. కుందేలు సరదా ఎక్కడిదాకా పోతుందో ఊహించకుండా తీగ చుట్ట కొనుక్కొచ్చేవాళ్లను అమాయకులు అనడం కుదరదు.

పంట సంగతి కూడా చెప్పాలి. వేరుశనగ మొలకలు, పెసర, మినుము, పుచ్చ తీగలు, మిరప నారు, ఇవి కుందేలుకు ఇష్టమే. సంక్రాంతి తర్వాత కోతలయి పొలాలు బోసిపోయాక, తడి ఉన్న నాలుగు సెంట్ల నారుమడి మీదకే వస్తుంది. రైతు కోపం దొంగ కోపం కాదు. షెడ్యూల్ 2 జంతువు నిలిచి ఉన్న పంటకు ప్రమాదకరంగా మారితే, ముఖ్య వన్యప్రాణి సంరక్షకుడుగానీ ఆయన అధికారం ఇచ్చిన అధికారిగానీ కారణాలు రాసి, లిఖితపూర్వకంగా వేటకు అనుమతి ఇవ్వవచ్చని 11వ సెక్షన్లోనే ఉంది. అడవిపందుల విషయంలో ఈ దారి వాడారు. కుందేలు కోసం ఆ దారిలో వెళ్లే రైతు దాదాపు కనబడడు. మడి చుట్టూ పాత చీర కట్టడం, ముళ్లకంచె వేయడం అంతకంటే తేలిక. అనుమతి వచ్చినా ఆ కాగితం చూపించి చంపినదాన్ని కూర వండుకోవడం కుదరదు, అది మళ్లీ ప్రభుత్వానిదే.

ఏజెన్సీలో ఇటుకల పండగ

పాత విశాఖ జిల్లా అంటే ఈ చర్చలో అరకు, పాడేరు లేకుండా కుదరదు. 2022 ఏప్రిల్‌లో అవి అల్లూరి సీతారామరాజు జిల్లాలోకి వెళ్లాయి గానీ, అక్కడి గిరిజనుల చైత్రమాసపు ఇటుకల పండగ గురించి విశాఖ నగరంలో తెలియనివాళ్లు తక్కువ. మగవాళ్లు విల్లంబులతో అడవికి వేటకు వెళతారు. ఆడవాళ్లు రోడ్డుకు అడ్డంగా దుంగ పెట్టి వచ్చేపోయే బళ్ల దగ్గర డబ్బులు వసూలు చేస్తారు. ఉత్త చేతులతో తిరిగొచ్చిన వేటగాడికి పేడనీళ్లతో స్వాగతం చెబుతారు. విత్తనాలకు ముందు వచ్చే ఈ పండగలో వేట ఒక ఆచారం, ఒక ఆట, ఊరంతటి నవ్వు.

చట్టం ఇక్కడ కూడా మినహాయింపు ఇవ్వలేదు. 2006 అటవీ హక్కుల చట్టం గిరిజనులకు సాగు భూమి మీద, చిల్లర అటవీ ఉత్పత్తుల మీద, మేత మీద హక్కులిచ్చింది. సంప్రదాయ హక్కుల్లో వేటను, ఉచ్చు పన్నడాన్ని మాత్రం పేరు పెట్టి మినహాయించింది. అక్షరం ప్రకారం ఏడాదికోసారి విల్లు పట్టుకుని కాలినడకన వెళ్లి కుందేలుతో తిరిగొచ్చినవాడూ, నగరం హోటలుకు వారం వారం అడవి మాంసం అందించేవాడూ ఒకే నేరస్థులు. అక్షరం అలా ఉన్నా, ఇద్దరి మీదా ఒకే బరువుతో చట్టాన్ని దించడం న్యాయం అనిపించదు. కేసు పెట్టే చేతికి ఆ తేడా తెలిసి ఉండాలి.

నిజానికి దొరికేది ఎప్పుడూ వలతో ఉన్నవాడే. కొన్నవాడు, ఆదివారం మందు పార్టీకి "చెవులపిల్లి తెచ్చిపెట్టు" అని అడ్వాన్సు ఇచ్చినవాడు కేసులో కనబడడు. అడవి జంతువు మాంసం ఎవరి దగ్గర దొరికితే అది సక్రమంగా వచ్చిందని నిరూపించుకునే బాధ్యత వాళ్లదేనని 57వ సెక్షన్ చెబుతున్నా, ఆ సెక్షన్ డైనింగ్ టేబుల్ దాకా రావడం అరుదు. 2005లో హర్యానాలోని ఝజ్జర్‌లో మాజీ క్రికెట్ కెప్టెన్ మన్సూర్ అలీ ఖాన్ పటౌడీ మీద పెట్టిన వేట కేసు దేశమంతా తెలుసు. అందరికీ గుర్తున్నది కృష్ణజింక. ఆ కేసులో కుందేళ్లు కూడా ఉన్న సంగతి ఎవరికీ గుర్తులేదు. తీర్పు రాకుండానే 2011లో ఆయన చనిపోయారు. పెద్ద జంతువు పక్కన ఉంటే తప్ప కుందేలు వార్త కాదు, అప్పుడు కూడా చివరి వాక్యంలోనే.

నగరం చుట్టూ కుందేలు తగ్గడానికి వల ఒక్కటే కారణం అంటే అది కూడా తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనడం లాంటిదే. ఆనందపురం నుంచి పెందుర్తి మీదుగా అనకాపల్లి దాకా ఆరు వరసల రోడ్డు వచ్చింది. దానికి రెండు పక్కలా జీడితోటలు, మెట్టలు లేఅవుట్లయ్యాయి. బుల్‌డోజర్ ఒక్క పూటలో తుప్పలన్నీ ఎత్తేస్తే ఆ తుప్పల కింద పడుకునేదానికి పగలు దాక్కునే చోటు ఉండదు. భూమి మార్పిడి కాగితాలు సక్రమంగా ఉంటే అందులో నేరం ఏమీ లేదు. ఆ ఊరివాడు ఒక్క కుందేలు పడితే నేరం, ఆ కొండవాలు మొత్తాన్ని చదును చేస్తే వ్యాపారం. వేటను సమర్థించడానికి ఈ మాట చెప్పడం లేదు. కానీ పోరంబోకులో వల కట్టినవాడి ఫొటో పేపర్లో వేసి, కుందేళ్లను కాపాడేశామనుకోవడం మనల్ని మనం మోసం చేసుకోవడమే.

వానలు పడ్డాక ఇంకో రకం సంఘటన జరుగుతుంటుంది. కలుపు తీసేవాళ్లకో, జీడితోట కాపలాదారుకో గడ్డిలో అరచేయంత పిల్ల కనిపిస్తుంది. తల్లి చుట్టుపక్కల ఉండదు. పాపం అనాథ అనుకుని ఇంటికి తెచ్చి పాలపీకతో ఆవుపాలు పడతారు. అది నాలుగు రోజుల్లో కడుపు ఉబ్బి చచ్చిపోతుంది. అది అనాథ కాదు. తన వాసన పట్టుకుని నక్క పిల్లల దాకా రాకుండా తల్లి కుందేలు పగలంతా దూరంగా ఉండి, చీకటి పడ్డాక ఒక్కసారి వచ్చి పాలిచ్చి పోతుంది. చూసినచోటే వదిలేసి, కుక్కల్ని అటు రానివ్వకుండా ఉంటే చాలు. జాలితో ఎత్తుకొచ్చినా సరే, అడవి జంతువును పట్టడం అనే మాట కిందకు అది కూడా వస్తుంది.